నెల్లూరు తీరం: మట్టిలోని చరిత్రను చదవడం నేర్చుకున్న క్రమం

ఉత్తరాన రామాయపట్నం నుంచి దక్షిణాన పులికాట్ సరస్సు దాకా సాగే ఉమ్మడి నెల్లూరు తీరం ఇసుక, ఒండ్రు, ఉప్పునీటి నేల. పెన్న, స్వర్ణముఖి, కండలేరు ఇక్కడే సముద్రాన్ని చేరతాయి. నదులు తెచ్చిన ఒండ్రు పాత రేవులను పూడ్చింది. ఇసుక దిబ్బలు నదీముఖాలను పక్కకు జరిపాయి. తుఫానులు గట్లను కోసుకుపోయాయి. ఒకప్పుడు ఓడలు ఆగిన చోట ఇప్పుడు వరిపొలమో రొయ్యల గుంటో ఉండవచ్చు. దానికి తోడు పాత గోడల ఇటుకలు తవ్వి కొత్త ఇళ్లకు వాడుకోవడం, పాడుబడ్డ ఊళ్ల దిబ్బల్లోని పాటిమన్నును ఎరువుగా పొలాలకు తోలడం తెలుగునాట తరతరాల అలవాటు. అందువల్ల ఈ తీరపు ప్రాచీన చరిత్రలో నిలిచిన కట్టడాల వాటా తక్కువ. నాణేలు, శాసనాలు, కుండపెంకులు చెప్పేదే ఎక్కువ.

వీటిని గుర్తుపట్టి చదవడం నేర్చుకోవలసిన విద్య. నెల్లూరు తీరంలో ఆ విద్య దాదాపు 240 ఏళ్లలో మెట్టుమెట్టుగా పెరిగింది. మొదట నాణెం, తరవాత శాసనం, ఆ తరవాత కుండపెంకు, చివరికి పొరపొరగా తవ్విన నేల చదువుకు అందాయి. భూమికి అవతలి వైపున, మధ్య అమెరికా అడవుల్లో మునిగిపోయిన మాయా నగరాల గురించి ప్రపంచం తెలుసుకున్నదీ ఇదే కాలంలో. రెండు ప్రాంతాలకూ ప్రాచీన కాలంలో ఎలాంటి రాకపోకలూ లేవు. అయినా గతాన్ని చదవడం నేర్చుకున్న తీరులో రెండింటి మధ్యా పోలికలు ఉన్నాయి. దొరికిన వస్తువు విలువ దాన్ని గుర్తించే చదువును బట్టి ఉంటుందని రెండు చరిత్రలూ చెబుతాయి.

నాగలికి తగిలిన గుడి

1786లో నెల్లూరుకు దగ్గరలో, రాళ్లగుట్ట వాలులో ఒక రైతు పొలం దున్నుతుండగా నాగలి ఇటుక కట్టుబడికి తగిలి ఆగింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలాలు బయటపడ్డాయి. వాటి కింద ఒక చిన్న కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు ఉన్నాయి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మాడు. చాలా నాణేలు కరిగిపోయాయి. అప్పట్లో నెల్లూరు ఆర్కాటు నవాబు ఏలుబడిలో ఉండేది. నవాబు రెండో కుమారుడు అమీర్ ఉల్ ఉమరా ముప్పైకి పైగా నాణేలను మాత్రం కరగకుండా తెప్పించుకోగలిగాడు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిని చూసి, వివరం రాసి కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీకి పంపాడు. విలియం జోన్స్ 1784లో స్థాపించిన ఆ సంస్థ తన పత్రిక ఏషియాటిక్ రిసర్చెస్ రెండో సంపుటంలో ఆ లేఖను అచ్చువేసింది. దక్షిణ భారతంలో దొరికిన రోమన్ నాణేల గురించి అచ్చయిన తొలి వివరాల్లో ఇది ఒకటి.

డేవిడ్‌సన్ చూసిన నాణేలు క్రీ.శ. రెండో శతాబ్దానివి. ట్రాజన్ చక్రవర్తి పేర ఉన్నవి కొన్ని చెడిపోకుండా ఉన్నాయి. చాలా నాణేలు టంకశాల నుంచి అప్పుడే వచ్చినంత కొత్తగా ఉన్నాయి. హాడ్రియన్ పేర, రాణి ఫౌస్టినా పేర ఉన్నవీ ఉన్నాయి. మరికొన్ని బాగా అరిగిపోయి, చిల్లులు పడి ఉన్నాయి. వాటిని చేతికో మెడకో నగలుగా ధరించి ఉంటారని డేవిడ్‌సన్ ఊహించాడు. ఆ చిన్న పరిశీలన చాలా విలువైనది. రోమ్ నుంచి వచ్చిన నాణెం ఇక్కడ డబ్బుగానే చలామణీ అయిందని అనుకోవడానికి వీల్లేదని అది చెబుతుంది. బంగారం బరువును బట్టి అది మారకానికి పనికివచ్చింది, నగగానూ మారింది, చివరికి ఒక కుండలోకి చేరి దాచిన సొమ్మయింది.

ఇంత చెప్పిన ఈ నిధి చెప్పలేకపోయిందే ఎక్కువ. ఆ గుట్ట ఏదో లేఖలో లేదు. గుడి ఏ దేవుడిదో, ఏ కాలానిదో, ఇటుకల కొలత ఎంతో, కుండ ఆకారం ఏమిటో ఎవరూ రాసిపెట్టలేదు. నాణేలను గుడి కట్టినప్పుడే పునాదిలో ఉంచారా, తరవాత ఎవరైనా దాచారా అన్నది తేలదు. గుడి నాణేలకన్నా ఎన్నో శతాబ్దాల తరవాతిదైనా కావచ్చు. నాణెం మీది చక్రవర్తి ముఖం దాన్ని ముద్రించిన కాలాన్ని చెబుతుంది గానీ, నేలలోకి చేరిన కాలాన్ని చెప్పదు. దాన్ని చెప్పవలసినవి చుట్టూ ఉన్న ఇటుక, మట్టి, కుండ. 1786లో వాటిని చదివే విద్య ఇంకా ఎక్కడా పుట్టలేదు.

పాలెంకే అడవిలో అదే కాలంలో

నెల్లూరులో కుండ బయటపడిన మరుసటి ఏడాది, 1787లో, స్పెయిన్ ప్రభుత్వం ఆంటోనియో డెల్ రియో అనే కెప్టెన్‌ను ఇప్పటి మెక్సికోలోని పాలెంకే శిథిలాలకు పంపింది. అతను అడవి నరికించి, గోడలు పగలగొట్టించి, కొన్ని శిల్ప ఖండాలను విరగ్గొట్టి స్పెయిన్‌కు పంపాడు. అతని వెంట వెళ్లిన చిత్రకారుడు గీసిన బొమ్మల వల్లే ఆనాటి స్థితి కొంత తెలిసింది. నివేదిక దస్త్రాల్లో పడి ఉండి, 1822లో గానీ లండన్‌లో అచ్చుకు నోచుకోలేదు.

అప్పటికి మాయా శిథిలాలను చూసినవారిలో చాలామంది వాటిని స్థానికుల పూర్వికులు కట్టారంటే నమ్మలేదు. ఈజిప్టువారో, ఫినీషియన్లో, ఇంకెవరో సముద్రం దాటి వచ్చి కట్టి ఉంటారని రాశారు. 1839లో బయలుదేరి కోపాన్, పాలెంకే, ఉష్మాల్ శిథిలాలను చూసిన జాన్ లాయిడ్ స్టీఫెన్స్, చిత్రకారుడు ఫ్రెడరిక్ కేథర్‌వుడ్ ఈ ఊహను తోసిపుచ్చారు. ఆ నగరాలను కట్టినవారు ఆ నేల మనుషుల పూర్వికులేనని 1841లో వెలువడిన పుస్తకంలో స్టీఫెన్స్ వాదించాడు. మంచి పనితనం కనిపిస్తే దాని మూలాన్ని దూరదేశంలో వెతకడం ఆ కాలపు పండితుల అలవాటు. ఇదే అలవాటు ఒక శతాబ్దం తరవాత కోరమండల్ తీరపు కుండల విషయంలోనూ ఎదురవుతుంది.

కైఫీయత్తులు, జాబితాలు, చట్టాలు

నెల్లూరు ప్రాంతం 1801లో ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వచ్చింది. ఆ రోజుల్లోనే కంపెనీ సర్వేయరు కోలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు దక్షిణాది గ్రామాల చరిత్రలు సేకరిస్తున్నారు. పాత లిపులు చదవడంలో దిట్ట అయిన కావలి వెంకట బొర్రయ్య 1803లో మరణించాక, తమ్ముడు లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. ఊరు ఎలా పుట్టింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి ఏ రాజు ఏ మాన్యం ఇచ్చాడు, ఊరికి ఎవరెవరు ఏలికలుగా వచ్చారు అన్న సంగతులను కరణాలు చెప్పగా రాసుకున్నవే కైఫీయత్తులు. వీటిలో పురాణం, వంశగౌరవం, నిజమైన జ్ఞాపకం కలగలిసి ఉంటాయి. 1821లో మెకంజీ మరణించాక ఆ సంపద కంపెనీ చేతికి వచ్చింది. తెలుగు రాతప్రతులను చాలావరకు తిరగరాయించి కాపాడిన ఘనత చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌ది.

1873లో జాన్ బాస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్‌ను వెలువరించాడు. 1882లో రాబర్ట్ సెవెల్ మద్రాసు ప్రెసిడెన్సీలోని పురావశేషాలను జిల్లాల వారీగా జాబితా చేశాడు. ఏ ఊళ్లో ఏ గుడి ఉంది, ఎక్కడ శాసనం ఉంది, ఎక్కడ పాత దిబ్బ ఉంది అన్నది ఒకచోట చూసుకునే వీలు అప్పుడే కలిగింది. 1904లో ఇదే సెవెల్ భారతదేశమంతటా దొరికిన రోమన్ నాణేలను ఒక వ్యాసంలో క్రోడీకరించాడు. విడివిడిగా వింతలుగా కనిపించిన నిధులు అలా వర్తక చరిత్రకు ఆధారాలయ్యాయి. ఆంధ్రలో దొరికిన రోమన్ నాణేలకు ప్రత్యేక గ్రంథం మాత్రం 1965లో పరమేశ్వరీలాల్ గుప్తా చేతుల మీదుగా వచ్చింది.

చట్టం కూడా ఈ కాలంలోనే అడుగుపెట్టింది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. 1904లో ప్రాచీన కట్టడాల సంరక్షణ చట్టం వచ్చింది. 1786లో రైతు చేసిన పనిలో తప్పేమీ లేదు. దొరికిన వస్తువు ఎవరికి చూపించాలో చెప్పే ఏర్పాటే అప్పటికి లేదు. ఆ ఏర్పాటుకు దాదాపు వందేళ్లు పట్టింది.

1905: రాళ్ల మీది రాతలు

నెల్లూరు చరిత్ర రచనలో పెద్ద మలుపు 1905. ఆ ఏడాది అలాన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి కలిసి నెల్లూరు జిల్లాలోని రాగిరేకుల మీది, రాళ్ల మీది శాసనాలను మూడు భాగాలుగా ప్రచురించారు. ఒక్క జిల్లా శాసనాలన్నిటినీ తాలూకాల వారీగా ఇలా ఒకచోట చేర్చడం ఆ రోజుల్లో అరుదు. శాసనాన్ని నకలు తీసేందుకు రాతిని కడిగి, తడి కాగితాన్ని అతికించి, కుంచెతో కొట్టి అక్షరాల గుంటల్లోకి దిగేలా చేస్తారు. పైన సిరా అద్దితే రాత తెల్లగా, నేపథ్యం నల్లగా తేలుతుంది. గుడి గోడ మీద ఎండలో కనిపించని అక్షరం ఆ కాగితం మీద కనిపిస్తుంది.

నెల్లూరు ప్రాంతపు శాసనాల్లో ప్రాకృతం, సంస్కృతం, తెలుగు, తమిళం నాలుగూ ఉన్నాయి. వీటిని చదివితే ఈ తీరం ఉత్తర దక్షిణ రాజ్యాల మధ్య ఉన్న సరిహద్దు సీమ అని అర్థమవుతుంది. తొలి పల్లవుల దానపత్రాల్లో వచ్చే ముండరాష్ట్రం నెల్లూరు ప్రాంతమే. కంచి పల్లవుల చరిత్రను రాసేవారికి అందుకే నెల్లూరు రాగిరేకులు తప్పనిసరి. గూడూరుకు దక్షిణాన ఉన్న మల్లాం గ్రామంలో తొమ్మిదో శతాబ్దపు పల్లవ రాజు కంపవర్మ కాలపు శాసనం ఉంది. ఒక వీరుడు తన శరీరంలోని తొమ్మిది చోట్ల మాంసాన్ని, చివరికి తలను దేవతకు అర్పించిన సంగతిని అది నమోదు చేసింది. దేవతకు సొంత రక్తాన్ని అర్పించడం మాయా రాజకుటుంబాల్లోనూ ఉంది. యాష్‌చిలాన్ నగరంలోని ఒక ద్వారబంధపు శిల్పంలో రాణి తన నాలుక గుండా ముళ్ల తాడును లాగుతున్న దృశ్యం, దానికి క్రీ.శ. 709 నాటి తేదీ ఉన్నాయి. రెండు రాతలూ సొంత శరీరాన్నే నైవేద్యంగా భావించిన రెండు సమాజాల నమ్మకాన్ని భద్రపరిచాయి.

పదమూడో శతాబ్దం నెల్లూరు శాసనాలకు పంటకాలం. విక్రమసింహపురి (నేటి నెల్లూరు) రాజధానిగా తెలుగు చోడులు ఏలిన కాలమది. ఇప్పటి కృష్ణపట్నాన్ని ఆనాటి శాసనాలు కొల్లితురై అని, గండగోపాలపట్టణమని పిలిచాయి. రేవుకు పాలకుడి బిరుదు పెట్టడం చూస్తే ఆ రేవు ఆదాయం రాజ్యానికి ఎంత ముఖ్యమో తెలుస్తుంది. కాస్త ఉత్తరాన ఉన్న మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో అభయ శాసనం వేయించాడు. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది కనుక అది 1244. తుఫానుకు చిక్కి తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆ శాసనం వర్తకులకు మాట ఇచ్చింది. చందనం, కర్పూరం, దంతం, ముత్యాలు, పగడాలు, మిరియాలు వంటి సరుకుల పేర్లు అందులో వరసగా ఉన్నాయి.

సాహిత్యం చెప్పిన కథను శాసనంతో సరిచూసుకునే పద్ధతి కూడా ఈ కాలపు చరిత్ర వల్లే బలపడింది. రాజ్యం పోగొట్టుకున్న నెల్లూరు చోడ రాజు మనుమసిద్ధి తరఫున కవి తిక్కన ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుడి సాయం కోరినట్టు సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. అది చాలా తరవాతి కావ్యం. కాకతీయ సేన దక్షిణానికి వెళ్లిందనడానికి మాత్రం కంచి ఏకామ్రనాథ ఆలయంలోని 1249 నాటి శాసనం బలమైన సాక్ష్యం. నిర్వచనోత్తర రామాయణాన్ని మనుమసిద్ధికి అంకితమిచ్చిన తిక్కన కాలాన్ని స్థిరపరచడానికీ ఈ రాళ్లే ఆధారం.

మాయా శాసనాలు ఎదురుచూసిన కాలం

నెల్లూరు శాసనాలు అచ్చయిన 1905లోనే జోసెఫ్ గుడ్‌మన్ మాయా కాలగణనకూ క్రీస్తు శకానికీ లంకె వేస్తూ ఒక వ్యాసం ప్రచురించాడు. మాయావారు రోజులను ఇరవైల లెక్కలో కూర్చేవారు. 360 రోజులు ఒక తున్, 7,200 రోజులు ఒక కతున్, 1,44,000 రోజులు ఒక బక్తున్. క్రీ.పూ. 3114 ఆగస్టు నుంచి లెక్కపెట్టి చాలా శిలాస్తంభాల మీద తేదీ చెక్కేవారు. గుడ్‌మన్ లంకెను తరవాతి పండితులు 1920లలో సవరించి స్థిరపరిచారు. అలా మాయా శాసనాల్లో తేదీలు చదవగలిగారు గానీ, మిగతా వాక్యం చదవడానికి ఇంకా అర్ధ శతాబ్దం పట్టింది.

కారణం స్పష్టం. నెల్లూరు రాళ్ల మీది లిపులకు నేటి తెలుగు, తమిళ లిపులు వారసులు. అన్నిటికీ మూలమైన బ్రాహ్మీని జేమ్స్ ప్రిన్సెప్ 1837లోనే ఛేదించాడు. మధ్యలో ఏ మెట్టూ విరగలేదు. మాయా లిపికి ఆ అదృష్టం లేదు. 1562లో మానీ పట్టణంలో డియేగో డి లాండా అనే క్రైస్తవ గురువు మాయా పుస్తకాలను తగలబెట్టించాడు. విచిత్రమేమిటంటే, అదే లాండా కొంతకాలానికి రాసిన గ్రంథంలో కొన్ని మాయా అక్షరాలను, వాటి ఉచ్చారణను నమోదు చేశాడు. ఆ గ్రంథం నకలు 1862లో దొరికింది. దాని ఆధారంగా 1952లో సోవియట్ పండితుడు యూరీ క్నోరొజోవ్, ఈ లిపిలోని చాలా గుర్తులు తెలుగు గుణింతాల మాదిరిగా హల్లు, అచ్చు కలిసిన అక్షరాలేనని నిరూపించాడు. 1960లో తతియానా ప్రొస్కూరియకోఫ్ ఆ రాళ్ల మీదివి రాజుల పుట్టుకలు, పట్టాభిషేకాలు, యుద్ధాలని చూపింది. నక్షత్రాలను, కాలాన్ని మాత్రమే పూజించిన శాంత జనంగా అంతవరకూ పుస్తకాల్లో ఉన్న మాయావారు, వంశాలూ పగలూ పొత్తులూ ఉన్న మనుషులుగా అప్పుడు కనిపించారు.

తెలుగు పాఠకుడికి చేరిన చరిత్ర

శాసనాలు ఇంగ్లీషు సంపుటాల్లో అచ్చయితే పండితులకు సరిపోతుంది, ఊరి పాఠకుడికి సరిపోదు. ఆ లోటు తీర్చింది విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి. కొమర్రాజు లక్ష్మణరావు ప్రధాన సారథిగా 1906లో మొదలైన ఈ సంస్థ, చరిత్రను, విజ్ఞాన శాస్త్రాలను తెలుగులో తక్కువ ధరకు అందించింది. 1910లో చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం ఈ మండలి ద్వారానే వచ్చింది. 1922లో రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. మల్లంపల్లి సోమశేఖరశర్మ, నేలటూరి వెంకటరమణయ్య వంటివారు శాసనాన్ని ముందు పెట్టుకుని చరిత్ర రాసే క్రమశిక్షణను తెలుగులో స్థిరపరిచారు. 1960లలో వెలువడిన విక్రమసింహపురి మండల సర్వస్వం నెల్లూరు జిల్లా గురించి అంతవరకూ తెలిసిన సమాచారాన్ని తెలుగు పాఠకులకు అందించింది.

కుండపెంకు నేర్పిన పాఠం

శాసనం లేని కాలానికి ఆధారం కుండపెంకు. బంగారాన్ని కరిగిస్తారు, ఇటుకను తీసుకుపోతారు, పగిలిన కుండను మాత్రం ఎవరూ ముట్టరు. అది కుళ్లదు, తుప్పు పట్టదు. కుండల ఆకారం, పూత, అలంకరణ తరానికీ తరానికీ మారతాయి కనుక వాటిని వరసలో పెట్టగలిగితే నేల పొరల కాలం తెలుస్తుంది. ఈ విద్యను దక్షిణాది తీరానికి తెచ్చిన తవ్వకం 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో జరిగింది. పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ మార్టిమర్ వీలర్ అంతకు ముందు ఏడాదే తక్షశిలలో శిక్షణ శిబిరం పెట్టి, పొరలవారీ తవ్వకంలో భారతీయ విద్యార్థులకు తర్ఫీదు ఇచ్చాడు. అరికమేడులో ఇటలీ నుంచి వచ్చిన ఎర్రని పింగాణీ లాంటి పాత్రలు, ద్రాక్షసారా తెచ్చిన కూజాలు ఒకే పొరల్లో దేశీయ కుండలతో కలిసి దొరికాయి. ఇటలీ పాత్రల కాలం ముందే తెలుసు కనుక, వాటి పక్కన దొరికిన దేశీయ కుండల కాలమూ తెలిసింది.

ఆ దేశీయ కుండల్లో ముఖ్యమైనది పళ్లచక్రంతో వరసలుగా చుక్కలు ఒత్తిన నున్నని పళ్లెం. దీన్ని రౌలెటెడ్ పాత్ర అంటారు. ఆ అలంకరణ పద్ధతి మధ్యధరా ప్రాంతానిదని వీలర్ భావించాడు. తరవాత మట్టి విశ్లేషణలు జరిగాయి. అవి భారతదేశంలో చేసినవేనని తేలింది. 1990లలో జరిగిన పరీక్షలు దిగువ గంగా మైదానపు మట్టిని సూచించాయి. ఇలాంటి పళ్లేలు శ్రీలంకలోని అనురాధపురంలో, ఇండోనేషియాలో బాలి తీరంలోని సెంబిరాన్‌లో కూడా దొరికాయి. రోమ్ ఓడ రాకముందు నుంచే తూర్పు తీరంలో సొంత వర్తక వలయం ఉందని దీనితో స్పష్టమైంది. శాతవాహనుల సీసపు నాణేల మీద ఉన్న రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ ఈ వర్తకానికి రాజముద్ర. మాయా నగరాల విషయంలో స్టీఫెన్స్ చేసిన వాదనకు కోరమండల్ తీరంలో ఈ మట్టి పరీక్షలు సాటి వచ్చాయి.

నెల్లూరు తీరంలో ఈ చదువు ఫలించిన చోటు కోట మండలంలోని కొత్తపట్నం. ఇరవయ్యో శతాబ్దం చివర ఇక్కడ జరిగిన తవ్వకాల్లో రౌలెటెడ్ పాత్రల వంటి తొలి చారిత్రక కాలపు కుండలు బయటపడ్డాయి. అదే ప్రాంతంలో మధ్యయుగపు చైనా పింగాణీ పెంకులూ దొరికాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పురావస్తు శాస్త్రజ్ఞుడు కె.పి. రావు ఈ రేవును తూర్పు దేశాలతో వర్తకం సాగించిన రేవుగా వివరించారు. జపాన్ చరిత్రకారుడు నొబొరు కరాషిమా నాయకత్వంలో దక్షిణ భారత, శ్రీలంక తీరాల్లో చైనా పింగాణీ పెంకుల కోసం జరిగిన సర్వేలోనూ ఈ తీరానికి చోటు దక్కింది. గణపతిదేవుడి శాసనం చెప్పిన విదేశీ వర్తకానికి నేల ఇచ్చిన సాక్ష్యం ఈ పెంకులే. శాసనం సరుకుల పేర్లు చెప్పింది, పెంకు సరుకునే చూపింది.

తరవాతి శతాబ్దాల్లో ఈ తీరానికి యూరప్ వర్తకులు వచ్చారు. పులికాట్‌లో డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. దుగరాజపట్నంలో ఇంగ్లీషువారు 1626లో స్థావరం ఏర్పరచుకున్నారు. స్థానికుడైన ఆర్ముగం ముదలియార్ చేసిన సాయానికి గుర్తుగా దానికి ఆర్మగాన్ అని పేరు పెట్టారు. ఆ స్థావరంలో పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1639లో చెన్నపట్నం నేలను సంపాదించాక ఆర్మగాన్ ప్రాముఖ్యం ముగిసింది. ఓడలకు నిలకడైన రేవు లేకపోవడం, పూడిక పెరగడం ఈ తీరపు రేవులన్నిటికీ ఉన్న కష్టమే.

2018: గొట్టిప్రోలు

నాయుడుపేటకు తూర్పున, స్వర్ణముఖి పాయ కుడిగట్టున గొట్టిప్రోలు ఉంది. 2018లో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ఇక్కడ జరిపిన తవ్వకంలో ఇటుక ప్రాకారం చుట్టిన పెద్ద జనావాసం ఆనవాళ్లు బయటపడ్డాయి. ఇటుకలు 40 సెంటీమీటర్లకు పైబడిన పొడవున్నవి. అమరావతి, నాగార్జునకొండల్లో వాడిన ఇటుకలతో పోల్చదగినవి. ఒకదాన్లో ఒకటి దూర్చి అమర్చిన మట్టి గొట్టాలు నీటి పారుదల ఏర్పాటును సూచించాయి. నాణేలు, ఇనుప పనిముట్లు, పూసలు, రకరకాల కుండలు దొరికాయి. వీటితో పాటు దాదాపు రెండు మీటర్ల ఎత్తున్న, నాలుగు చేతుల విష్ణు విగ్రహం బయటపడింది. కిరీటం, వస్త్రం మడతలు, నిలుచున్న తీరును బట్టి అది పల్లవుల కాలపుదని, సుమారు ఎనిమిదో శతాబ్దానిదని నిర్ణయించారు.

ఇక్కడ విగ్రహం కాలం ఒకటి, ఇటుక కాలం మరొకటి. రెంటి మధ్యా కొన్ని శతాబ్దాల ఎడం ఉంది. ఒకే చోట దొరికాయి కనుక ఒకే కాలానివని ఎవరూ అనలేదు. ఇటుకను ఇటుకలతో, శిల్పాన్ని శిల్పాలతో, కుండను కుండలతో పోల్చి వేర్వేరుగా కాలం కట్టారు. 1786లో గుడి, కుండ, నాణెం మధ్య సంబంధం తేలకుండా పోయిన జిల్లాలోనే 2018లో ఈ పద్ధతి పనిచేసింది. గొట్టిప్రోలు సముద్రానికి దగ్గరగా, నదీ పాయ ఒడ్డున ఉండటం వల్ల, లోతట్టు ఊళ్లకూ రేవులకూ మధ్య సరుకు చేరవేసిన నడిమి స్థావరంగా దాన్ని అర్థం చేసుకోవచ్చు.

అదే 2018లో ఉత్తర గ్వాటెమాలా అడవుల మీద విమానం నుంచి లేజర్ కిరణాలతో చేసిన సర్వే ఫలితాలు వెలువడ్డాయి. చెట్ల కింద దాగిన 60,000కు పైగా మాయా కట్టడాల ఆనవాళ్లు లెక్కకు వచ్చాయి. లేజర్ సర్వే ఎక్కడ ఏముందో చూపుతుంది. అది ఎప్పటిదో చెప్పాలంటే మళ్లీ మనిషి నేల తవ్వి, పెంకు ఏరి, పొర గుర్తించవలసిందే.

బడిలో, ఊళ్లో చదువు

పురావస్తు శాస్త్రాన్ని వృత్తిగా నేర్చుకోవాలనుకునే నెల్లూరు విద్యార్థికి దగ్గరి దారి తిరుపతి. అక్కడి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రాల శాఖ ఉంది. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం తన శ్రీశైలం పీఠంలో చరిత్ర, సంస్కృతి, పురావస్తు అధ్యయనాలకు చోటిచ్చింది. బడి స్థాయిలో 2006 నాటి పదకొండో తరగతి ప్రపంచ చరిత్ర పాఠ్యపుస్తకంలో మాయా, అజ్టెక్, ఇంకా నాగరికతల మీద పాఠం ఉండేది. దూరదేశపు నాగరికతను చదవడం వల్ల కలిగే మేలు ఒకటుంది: గతం ఎలా తెలుస్తుందన్న ప్రశ్న అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ప్రశ్నను సొంత జిల్లాకు వేసుకోవడమే తరవాతి మెట్టు.

చదివే విద్య పూర్వికుల వారసులకే చేరాలన్న ప్రయత్నం మాయా ప్రాంతంలో గట్టిగా జరిగింది. టెక్సస్ విశ్వవిద్యాలయ పండితురాలు లిండా షీలీ 1970ల చివర నుంచి సామాన్యులకు మాయా లిపి నేర్పే శిబిరాలు నడిపింది. 1980ల చివర నుంచి ఆమె, నికొలాయ్ గ్రూబె గ్వాటెమాలాలో మాయా భాషలు మాట్లాడే ఉపాధ్యాయులకు, యువకులకు వారి పూర్వికుల లిపిని నేర్పారు. నాలుగు శతాబ్దాల కిందట తెగిన దారాన్ని అలా తిరిగి ముడివేశారు.

నెల్లూరు తీరంలో ఆ దారం తెగనే లేదు. పదమూడో శతాబ్దపు తెలుగు శాసనంలోని అక్షరాలను నేటి తెలుగు అక్షరాల పక్కన పెట్టి ఒక పట్టిక గీస్తే, హైస్కూలు విద్యార్థి కొద్ది సాధనతో చాలా పదాలు పట్టగలడు. తమిళ శాసనాలు ఉన్న గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతాల్లో రెండు భాషలూ తెలిసిన ఇళ్లు ఉన్నాయి. శక సంవత్సరానికి 78 కలపడం కూడిక వచ్చిన పిల్లవాడి పని. ఊరి గుడి గోడ మీది రాయికి సున్నం పూయకుండా ఆపడానికి ఈ మాత్రం చదువు చాలు.

పాటిదిబ్బ విషయంలోనూ అంతే. ఎరువు కోసం తవ్వే మట్టిలో నల్లని, ఎర్రని పెంకులు, పెద్ద ఇటుక ముక్కలు, పూసలు కనిపిస్తే అది పాత జనావాసం. అక్కడ తవ్వడం ఆపి, వస్తువును కదపకుండా, దొరికిన చోటు, లోతు రాసుకుని రెవెన్యూ అధికారులకో పురావస్తు శాఖకో తెలియజేయాలి. 1958 నాటి కేంద్ర చట్టం, 1960 నాటి రాష్ట్ర చట్టం రక్షిత స్థలాలను కాపాడతాయి. 1972 నాటి పురావస్తువుల చట్టం విగ్రహాల ఎగుమతిని అడ్డుకుంటుంది. రక్షిత జాబితాలోకి ఎక్కని దిబ్బలే ఎక్కువ కనుక, వాటి భద్రత చట్టంకన్నా ముందు ఊరివారి గుర్తింపు మీద ఆధారపడుతుంది. రేవులు, పరిశ్రమలు, రొయ్యల చెరువులు విస్తరిస్తున్న ఈ తీరంలో నేల తవ్వే పని ఏటా పెరుగుతోంది. ప్రతి తవ్వకమూ ఒక కొత్త ఆధారం కావచ్చు, ఒక ఆధారం శాశ్వతంగా పోవడమూ కావచ్చు.

నెల్లూరు తీరపు చరిత్రలో ఇంతవరకు తెలిసినదంతా ఈ నాలుగు రకాల ఆధారాల నుంచి వచ్చింది: నాణెం విదేశీ వర్తకాన్ని సూచించింది, శాసనం రాజ్యాలను, రేవులను పేర్లతో చెప్పింది, పెంకు ఆ వర్తకపు దారులను చూపింది, పొరలవారీ తవ్వకం వీటన్నిటికీ కాలక్రమం ఇచ్చింది. ప్రతి కొత్త పద్ధతీ ముందు దొరికినవాటి అర్థాన్ని కూడా సరిదిద్దింది. ఇక ముందు దొరికేవాటి నుంచి ఎంత తెలుస్తుందన్నది, తీరగ్రామాల్లో ఈ నాలుగింటినీ గుర్తుపట్టగలవారు ఎందరున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఆ సంఖ్యను పెంచగలిగేది బడి.